చేయి పట్టి నేర్పే గాలం

చేపపిల్లకు ఈత నేర్పాలా అంటారు మనవాళ్లు. నిజమే, అక్కర్లేదు. కానీ చేపను పట్టేవాడికి మాత్రం నేర్పాల్సిందే. ఆ నేర్పడం ఎలా ఉంటుందో చూడాలంటే ఏ శనివారం పొద్దున్నో అమెరికాలోని టెక్సాస్‌లో ఏదైనా ఊరి పార్కు చెరువు దగ్గరికి వెళ్లాలి. గట్టు మీద ఓ పది పదిహేను మంది పిల్లలు, వాళ్ల మధ్య నలుగురైదుగురు పెద్దవాళ్లు కనిపిస్తారు. ఆ పెద్దవాళ్లలో తల నెరిసినవాళ్లే ఎక్కువ. జీతం లేదు, భత్యం లేదు. తమకొచ్చిన విద్య నలుగురు పిల్లలకి చెబితే చాలని వచ్చినవాళ్లు.

అక్కడ వీళ్లని ఆంగ్లర్ ఎడ్యుకేషన్ ఇన్‌స్ట్రక్టర్లు అంటారు. రాష్ట్ర పార్కులు, వన్యప్రాణుల శాఖ వీళ్లకి శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ ఇస్తుంది. ఆ తర్వాత క్లబ్బుల్లో, బడుల్లో, పార్కుల్లో పిల్లలకి ఉచితంగా గాలం వేయడం నేర్పుతారు. కర్ర కొనుక్కోలేదా? ఫర్వాలేదు. లైబ్రరీలో పుస్తకం ఇచ్చినట్టే గాలపు కర్రలూ అరువిచ్చే కేంద్రాలున్నాయి. తీసుకెళ్లి వారంలోగా తిరిగిచ్చేయొచ్చు. పదిహేడేళ్ల లోపు పిల్లలకి లైసెన్సు కూడా అక్కర్లేదు.

ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో లాంటి ఊళ్లలో మన తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నాయో వేరే చెప్పక్కర్లేదు. కొడుకునో కూతుర్నో చూసి రావడానికి వెళ్లిన తాతయ్యల్ని మనవలు ఈ చెరువు గట్లకీ తీసుకెళ్తుంటారు. అక్కడ తాతయ్యకి ఓ వింత ఎదురవుతుంది. మనవడు అరగంట కూర్చుని, ఒక చేపను పట్టి, చేయి తడుపుకుని దాన్ని పట్టుకుని, ఫొటో దిగి, మళ్లీ నీళ్లలో వదిలేస్తాడు. పులుసు మీద ఆశ పెట్టుకున్న తాతయ్యకి ఒళ్లు మండదూ! ‘పట్టింది వదిలేయడానికైతే అసలు పట్టడమెందుకురా?’ అంటాడు.

మంచి ప్రశ్నే. జవాబు చెప్పాలంటే ముందు ఆ పిల్లాడికి అక్కడ ఏం నేర్పారో చూడాలి.

మొదటి పాఠంలో చేప ఉండదు. నీళ్లు కూడా ఉండవు. గడ్డి మీద ఒక ప్లాస్టిక్ రింగు పడేస్తారు. దారం చివర గాలానికి బదులు చిన్న ప్లాస్టిక్ గుండు కడతారు. ఆ గుండును రింగులో పడేలా విసరాలి, అంతే. విసరబోయే ముందు ప్రతిసారీ చేయాల్సిన పని ఒకటుంది. వెనక్కి తిరిగి చూడాలి. వెనకెవరైనా నిలబడితే గాలం చేపకి కాదు, వాళ్ల చెవికి తగులుకుంటుంది. అందుకే తలకి టోపీ, కళ్లకి అద్దాలు. ముందుకి విసరడానికి ముందు వెనక్కి చూడాలన్న ఆ ఒక్క అలవాటు కుదిరేదాకా పిల్లల్ని నీళ్ల దగ్గరికి పంపరు.

రెండో పాఠం ముడి. దారాన్ని గాలం కన్నంలోంచి దూర్చాలి. కొసను పట్టుకుని అసలు దారం చుట్టూ ఐదారు మెలికలు తిప్పాలి. ఆ కొసను మళ్లీ గాలం దగ్గర ఏర్పడిన చిన్న సందులోంచి లాగాలి. బిగించేముందు ఉమ్మితో తడపాలి. పిల్లలు ‘ఛీ’ అంటారు. కానీ దానికో కారణం ఉంది. పొడిగా బిగిస్తే రాపిడికి వేడి పుడుతుంది, నైలాన్ దారం అక్కడ బలహీనపడుతుంది. పెద్ద చేప పడిన రోజున సరిగ్గా అక్కడే తెగుతుంది. తడిపి, మెల్లగా లాగితే మెలికలన్నీ ఒకదాని పక్కన ఒకటి చక్కగా కూర్చుంటాయి.

చదివితే ఇంతే. చేస్తే తెలుస్తుంది. మొదటిసారి మెలికలు ఊడిపోతాయి. రెండోసారి కొస తప్పు సందులోంచి దూరుతుంది. అప్పుడా పెద్దాయన పిల్లాడి వెనక్కి వచ్చి, వాడి వేళ్ల మీద తన వేళ్లు పెట్టి, ఒక్కో మెలికా తిప్పిస్తాడు. ఎడమచేతి వాటం పిల్లలైతే వెనక కాదు, ఎదురుగా నిలబడతాడు. అద్దంలో చూసినట్టు చూసి నేర్చుకుంటారని.

ఇది మనకి తెలియని పద్ధతేం కాదు. అక్షరాభ్యాసం రోజున పళ్లెంలో బియ్యం పోసి, బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆ చిన్న వేలిని పట్టుకుని పంతులుగారు రాయించేది ఇలాగే కదా. పలక మీద అక్షరాలు దిద్దించిందీ ఇలాగే. చేతితో చేసే పని ఏదైనా చేయి పట్టుకునే నేర్పాలి. జడ అల్లడం, పూలమాల కట్టడం, గోంగూర పచ్చడికి ఉప్పు అందాజుగా వేయడం... ఇవేవీ పుస్తకం చూసి ఎవరూ నేర్చుకోలేదు.

ఇక మూడో పాఠం ఎదురుచూడటం. ఇదే అన్నిటికన్నా కష్టం. బెండు నీళ్ల మీద తేలుతుంటుంది. అది సన్నగా వణికితే చేప ఎరను రుచి చూస్తోందని అర్థం. అప్పుడే లాగేస్తే ఎర పోతుంది, చేపా పోతుంది. బెండు మునిగి ఓ పక్కకి పోవడం మొదలైతే అప్పుడు కర్ర ఎత్తాలి. ఆ తేడా కనిపెట్టడానికి నీళ్లను చూస్తూ కూర్చోవాలి. సెల్‌ఫోన్‌కి అలవాటుపడిన కళ్లు బెండును చూస్తూ ఇరవై నిమిషాలు నిలవడమంటే మాటలా!

నాలుగో పాఠం చేప పడ్డాక మొదలవుతుంది. పొడి చేత్తో చేపను ముట్టుకోకూడదు. చేప ఒంటి మీద జిగట పొర ఉంటుంది. దానికి అదే రక్షణ. పొడి చేయి తగిలితే అది ఊడి వస్తుంది, ఆ తర్వాత నీళ్లలోని క్రిములు సులువుగా పట్టేస్తాయి. అందుకే ముందు చేతులు తడుపుకోవాలి. గాలానికి వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును పట్టకారుతో నొక్కేసి ఉంచితే నోట్లోంచి చేపకు నొప్పి తక్కువగా, తొందరగా వచ్చేస్తుంది. పిల్లాడి వేలికి గుచ్చుకున్నా అంతే. చేపను స్కేలు మీద పెట్టి కొలవాలి. టెక్సాస్‌లో బాస్ చేప 14 అంగుళాలు లేకపోతే సాధారణంగా ఎక్కడైనా తిరిగి వదిలేయాల్సిందే. ఆపైన ఉన్నవైనా రోజుకి ఐదుకి మించి తీసుకెళ్లకూడదు. కొలత అయ్యేదాకా ఎంతసేపు బయట ఉంచొచ్చు? దీనికి పిల్లలకి సులువైన లెక్క చెబుతారు. ‘చేప బయట ఉన్నంతసేపూ నువ్వూ ఊపిరి బిగపట్టు. నీకు ఆయాసం వచ్చిందంటే దానికీ వచ్చినట్టే.’

వీటన్నిటితో పాటు నేర్పేవాళ్లు పాటించాల్సిన నియమం ఒకటుంది. అది మన ఇళ్లలో గోడకి రాసి పెట్టుకోదగ్గది. చేప పడి, కర్ర వంగి, పిల్లాడు కంగారుపడి అరుస్తున్నప్పుడు పెద్దవాళ్లు కర్ర లాక్కోకూడదు. పక్కన నిలబడి చెప్పాలి. చేప తప్పించుకుపోతే పోనివ్వాలి. చేప పోతే ఇంకోటి పడుతుంది. పెద్దాయన లాగి పట్టిస్తే మాత్రం అది పిల్లాడి చేప కాదు, పెద్దాయన చేప. మన ఇళ్లలో పిల్లల సైన్స్ ప్రాజెక్టు ఎవరు చేస్తారో మీకూ తెలుసు, టీచర్‌కీ తెలుసు. థర్మోకోల్ కోసేది నాన్న, రంగులేసేది అమ్మ, బహుమతి తీసుకునేది బిడ్డ.

మరి వీటికి డబ్బెక్కడిది? నేర్పేవాళ్లు ఊరికే నేర్పినా కర్రలకీ దారానికీ, చెరువులో వదిలే చేపపిల్లలకీ ఖర్చవుతుంది కదా. 1950లో అమెరికా డింగెల్-జాన్సన్ చట్టం అని ఒకటి తెచ్చింది. గాలాలు, కర్రలు, రీళ్ల మీద వసూలయ్యే పన్నును మామూలు ఖజానాలో కలిపేయకుండా చేపల సంరక్షణకే రాష్ట్రాలకు పంచాలని దాని సారాంశం. 1984లో దాన్ని ఇంకాస్త విస్తరించి, పిల్లలకీ పెద్దలకీ నీళ్ల గురించీ చేపల గురించీ నేర్పడానికీ అందులోంచి ఖర్చు పెట్టొచ్చన్నారు. చేపలు పట్టేవాడి జేబులోంచి వచ్చిన డబ్బు చేపకే పోతుందన్నమాట. ఇంగ్లండ్, వేల్స్‌లోనూ ఇలాంటి పద్ధతే ఉంది. అక్కడ చెరువులో గాలం వేయాలంటే లైసెన్సు ఉండాలి. పదమూడేళ్ల లోపు పిల్లలకి అక్కర్లేదు. 13 నుంచి 16 ఏళ్ల వాళ్లకి ఉచితమే గానీ తీసుకుని తీరాలి. ఉచితమైనదానికి కాగితమెందుకు అంటారా? నీళ్లు ఊరందరివనీ, అందులో దిగడానికి ఓ పద్ధతుందనీ ఆ వయసులోనే తెలియడానికి.

ఈ విద్య కేవలం పిల్లల సరదాగానే మిగిలిపోలేదు. 1996లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఒక మహిళా సర్జన్, గాలం వేయడంలో ఆరితేరిన మరో మహిళ కలిసి ‘కాస్టింగ్ ఫర్ రికవరీ’ అనే సంస్థ పెట్టారు. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయినవాళ్లకి భుజం బిగుసుకుపోతుంది. చేయి పైకెత్తడం కష్టమవుతుంది. ఈకలతో చేసిన తేలికపాటి ఎరను దూరంగా విసిరే ఫ్లై ఫిషింగ్‌లో చేయి మెల్లగా వెనక్కీ ముందుకీ ఊగుతుంది. డాక్టర్లు చెప్పే వ్యాయామానికి ఇది దగ్గరగా ఉంటుందని వాళ్ల ఆలోచన. రెండున్నర రోజుల శిబిరం, వచ్చినవాళ్లకి పైసా ఖర్చుండదు. నేర్పేవాళ్లు వలంటీర్లు. ఆస్పత్రి వరండాలో మాట కలపడానికి వెనకాడే ఆడవాళ్లు మోకాలి లోతు ఏట్లో నిలబడి ఒకరి కష్టం ఒకరు చెప్పుకుంటారు. ఆ మాటలూ వైద్యంలో భాగమే.

2005లో వాషింగ్టన్‌లో అప్పట్లో ఉన్న వాల్టర్ రీడ్ సైనిక ఆస్పత్రిలో ఇలాంటిదే మరొకటి మొదలైంది. ఎడ్ నికొల్సన్ అనే రిటైర్డ్ నౌకాదళ కెప్టెన్ అక్కడ చికిత్స కోసం చేరారు. యుద్ధంలో కాళ్లూ చేతులూ పోగొట్టుకుని మంచాల మీద ఉన్న కుర్రాళ్లని చూశారు. వాళ్లని ఆస్పత్రి పచ్చిక మీదికి తీసుకొచ్చి కర్ర విసరడం నేర్పితే ఎలా ఉంటుందనుకున్నారు. అలా పుట్టింది ‘ప్రాజెక్ట్ హీలింగ్ వాటర్స్’. చిన్న గాలానికి ఈకముక్క, దారం చుట్టి పురుగులా కనిపించే ఎరను తయారుచేయడం అక్కడ ఒక పాఠం. ఒంటిచేత్తో దారం చుట్టడం నేర్చుకున్నవాడికి తను ఇంకా ఏదో చేయగలనన్న ధైర్యం వస్తుంది. దాన్ని మందుల షాపులో అమ్మరు.

ఇదంతా దూరదేశాల ముచ్చట, మనకెందుకు అంటారా? ఆగండి. ఈ విద్యను పుస్తకానికెక్కించిన పెద్దమనుషుల్లో ఒకరు మన ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలోనే కొలువు చేశారు. హెన్రీ సల్లివాన్ థామస్ అనే ఐసీఎస్ తరహా దొర. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేస్తూ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’, 1887లో ‘ట్యాంక్ ఆంగ్లింగ్ ఇన్ ఇండియా’ రాశారు. రెండోది అచ్చంగా చెరువుల్లో గాలం వేయడం గురించే. ఏట్లో మందు కలిపి చేపల్ని చంపడం చూసి బాధపడిన తరం అది. 1897లో వచ్చిన భారత మత్స్య చట్టం నీళ్లలో విషం కలపడాన్నీ, మందుగుండు పేల్చడాన్నీ నేరం చేసింది.

అయితే దొరగారు రాయడానికి ఎన్నో తరాల ముందే ఈ విద్య మన చెరువు గట్ల మీద ఉంది. వెదురు కర్ర, మూడు బారల దారం, నెమలి ఈక కాడో ఎండిన జొన్న బెండో, పెంటకుప్ప పక్కన తవ్వితే దొరికే ఎర్రలు. ఇంతే సరంజామా. పరిగెలకి సన్న గాలం, జెల్లకి బురదలోకి దిగే బరువు, బొచ్చెకి తవుడు ముద్ద, వాలుగకి చిన్న చేపే ఎర. జెల్లను ఎలా పట్టుకోకపోతే ముల్లు గుచ్చుతుందో, బొమ్మిడాయి ఏ రాతి సందున దాక్కుంటుందో మన బెస్తల ఇళ్లలో, ముదిరాజుల ఇళ్లలో, గంగపుత్రుల ఇళ్లలో, కోస్తాలో పల్లెకారుల ఇళ్లలో పదేళ్ల పిల్లాడు చెప్పేవాడు. వాడికెవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు.

సర్టిఫికెట్ ఇవ్వకపోగా మనం చేసిందేమిటి? చదవని పిల్లాణ్ని తిట్టడానికి ఆ పనిని వాడుకున్నాం. ‘చదువుకోకపోతే గేదెలు కాస్తావు, చేపలు పట్టుకు బతుకుతావు’ అన్నాం. అదే పిల్లాడు చదువుకుని, ఇంజినీరై, టెక్సాస్ వెళ్లి, వాడి కొడుకుని శనివారం పొద్దున్నే చేపలు పట్టడం నేర్చుకోమని కారులో దింపి వస్తున్నాడు. నవ్వొచ్చే విషయమే గానీ, తప్పు ఆ తండ్రిది కాదు. ఒక పనిని ఎవరు చేస్తున్నారన్నదాన్ని బట్టి దాని విలువ కట్టే అలవాటు మనది.

ఆ పనిలో ఎంత చదువుందో కొర్రమీనును చూస్తే తెలుస్తుంది. దీనికి గాలిని నేరుగా పీల్చే ఏర్పాటుంది. అందుకే అప్పుడప్పుడూ పైకొచ్చి గుటక వేసి పోతుంది. పిల్లలు పుట్టాక ఎర్రటి చుక్కల గుంపులా నీటి పైన తిరుగుతుంటాయి. తల్లో తండ్రో కింద కాపలా కాస్తుంటుంది. ఆ గుంపు మధ్యలో ఏది పడినా, కప్ప కావచ్చు, గాలం కావచ్చు, పిల్లల్ని కాపాడుకోవడానికి ఎగబడుతుంది. అంటే అప్పుడు దాన్ని పట్టడం చాలా సులువు. గాలం వేసే చేతికి నేర్పే అక్కర్లేదు. కానీ ఆ ఒక్కదాన్ని లాగితే కింద వందల పిల్లలు దిక్కులేనివవుతాయి. జెల్లలూ పక్షులూ వాటిని మిగల్చవు. ‘ఎర్ర గుంపు కనిపిస్తే కర్ర దించు’ అని ఒక పెద్దాయన గట్టు మీద చెబితే పిల్లాడు జన్మలో మరిచిపోడు. అదే పాఠ్యపుస్తకంలో ఉంటే పరీక్ష రాసి వదిలేస్తాడు.

చేపలు గుడ్లు పెట్టే కాలంలో చేయి ఆపాలన్నది ప్రపంచమంతటా ఉన్న నీతే. ఇంగ్లండ్, వేల్స్ నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా మంచినీటి చేపలకు గాలం వేయకూడదు. మన తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు సముద్రంలోకి వెళ్లకూడదు. విశాఖ నుంచి నెల్లూరు దాకా ఆ రెండు నెలలూ పడవలు లంగరేసి ఉండేది అందుకే.

ఇక తాతయ్య ప్రశ్నకి జవాబు. పట్టింది వదిలేయడానికైతే పట్టడమెందుకు? ఆ జవాబు మన పొరుగునే కావేరి నదిలో దొరుకుతుంది. అక్కడ మహసీర్ అనే పెద్ద చేప ఉంది. మూపురం ఉండే రకం మనిషంత బరువు పెరుగుతుంది. కర్ణాటకలో నది పక్కన ఉన్న శిబిరాల్లో గాలం వేసేవాళ్లు దాన్ని పట్టి, తూచి, మళ్లీ వదిలేసేవారు. దారి చూపేది స్థానికులే. ఒకప్పుడు దొంగచాటుగా చేపలు పట్టినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. నదిలో ఏ మలుపు దగ్గర ఏ చేప ఉంటుందో వాళ్లకన్నా ఎవరికి తెలుసు? ప్రతి సాయంత్రం ఒక పుస్తకంలో ఎన్ని గంటలు కూర్చున్నారు, ఏ రకం చేప పడింది, ఎంత బరువుంది అని రాసి పెట్టేవారు. 2012లో అక్కడ గాలం ఆగిపోయింది. పుస్తకాలు మిగిలాయి.

గాలిబోరె శిబిరంలో 1998 నుంచి 2012 దాకా రాసిన ఆ లెక్కల్ని శాస్త్రవేత్తలు తీసి చూశారు. అందులో 6 వేలకు పైగా మహసీర్ చేపల వివరాలున్నాయి. 2015లో అచ్చయిన వాళ్ల పరిశోధన తేల్చిందేమిటంటే, మొత్తం చేపలు పెరుగుతున్నాయి గానీ అవి బయటినుంచి తెచ్చి వదిలిన నీలిరెక్కల రకం. కావేరి సొంత బిడ్డ అయిన మూపురం చేప మాత్రం ఏటేటా తగ్గిపోతోంది. దానికి అప్పటిదాకా శాస్త్రీయంగా సరైన పేరు కూడా లేదు. 2018లో అది ‘టోర్ రెమాదేవీ’ అనే జాతి అని తేల్చారు. అదే ఏడాది అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో చేర్చారు. పట్టి, కొలిచి, రాసి, వదిలేసిన చేతులే లేకపోతే ఆ చేప పోతున్న సంగతి చాలాకాలం ఎవరికీ తెలిసేది కాదు. పులుసు పెట్టుకున్న చేప ఆ పూటకి సరిపోతుంది. రాసి వదిలేసిన చేప సాక్ష్యమవుతుంది.

పులుసు తప్పని చెప్పడం లేదు సుమండీ. చేపల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే. కొల్లేటి చుట్టుపక్కల నుంచి ఐసులో పెట్టిన చేపల లారీలు బెంగాల్ దాకా, అస్సాం దాకా పోతున్నాయి. మనకి కొరత చేపలకి కాదు. చెరువు గట్టున పిల్లాడి పక్కన కూర్చునే పెద్దవాళ్లకి.

ఆ కొరత ఖరీదు తక్కువేం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచంలో సుమారు 3 లక్షల మంది నీళ్లలో మునిగి చనిపోయారు. వాళ్లలో సగానికి పైగా ముప్పై ఏళ్ల లోపువాళ్లే. అదే ఏడాది ఐక్యరాజ్యసమితి జులై 25ను నీటి ప్రమాదాల నివారణ దినంగా ప్రకటించింది. మన పేపర్లో ప్రతి వేసవిలోనూ ఆ వార్త వస్తూనే ఉంటుంది. సెలవులకి ఊరొచ్చిన పిల్లలు, చెరువు, మట్టి కోసం తవ్విన గుంత. పైకి మోకాలి లోతులా కనిపించే నీళ్లలో ఆ గుంత ఎక్కడుందో ఊళ్లో చేపలు పట్టేవాళ్లకి తెలుసు. పట్నం నుంచి వచ్చిన పిల్లాడికి తెలియదు. ‘చెరువు వైపు వెళ్లావంటే కాళ్లు విరగ్గొడతాను’ అనడం ఒక పద్ధతి. కానీ పిల్లలు వెళ్తారు. చెప్పకుండా వెళ్తారు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

గాలం క్లబ్బుల్లో నీటి భద్రత మొదటి రోజే చెబుతారు. ఒంటరిగా వెళ్లకూడదు. పాచి పట్టిన మెట్ల మీద నిలబడకూడదు. ఎవరైనా పడితే వెంటనే దూకకూడదు. కర్ర అందించాలి. అందకపోతే తాడో పంచో విసరాలి. అదీ లేకపోతే ఖాళీ ప్లాస్టిక్ బిందె విసిరినా పట్టుకుని తేలొచ్చు. ఒకణ్ని కాపాడబోయి ఇంకొకడు మునిగిన వార్తలు మనం ఎన్ని చదవలేదు!

అందుకే మన ఊళ్లలోనూ ఇలాంటిది ఒకటి మొదలవ్వాలి. అయితే అమెరికా పద్ధతిని యథాతథంగా తెచ్చి పెట్టుకుంటే కుదరదు. అక్కడ గాలం తీరుబడి విద్య. అది తెలిసినవాళ్లు పింఛను వచ్చేవాళ్లు, ఊరికే నేర్పగలరు. ఇక్కడ ఆ విద్య తెలిసినవాళ్లకి అదే కూడు. చాలా చెరువుల మీద హక్కు మత్స్యకారుల సహకార సంఘాలది. వాళ్లని అడక్కుండా గాలం వేయడం వాళ్ల చేనులో కంకి కోసుకోవడంతో సమానం. వాళ్ల చేత ఊరికే పాఠం చెప్పించుకోవడమూ న్యాయం కాదు. వల లాగే పొద్దున్న పూట మన పిల్లలకోసం వదులుకుంటే ఆ పూట కూలి ఎవరిస్తారు?

కాబట్టి ఇక్కడ పని పంచుకోవాలి. గాలం నేర్పే మత్స్యకారుణ్ని మాస్టారుగా పిలవాలి, మాస్టారికిచ్చినట్టే రుసుమివ్వాలి. ఊరికే చేయాల్సిన పనులు మిగతావాళ్లవి. ఈత వచ్చిన కుర్రాళ్లు తాడు పట్టుకుని గట్టున నిలబడొచ్చు. రిటైరైన నర్సమ్మ ప్రథమ చికిత్స చెప్పొచ్చు. బడి పంతులుగారు ఏ నెలలో ఏ చేప పడిందో పిల్లల చేత నోటుపుస్తకంలో రాయించొచ్చు. పదేళ్లు రాస్తే ఆ ఊరి చెరువు చరిత్ర అందులో ఉంటుంది. పరిగెలు ఎప్పుడు తగ్గాయో, జిలేబీ చేప ఎప్పుడు నిండిపోయిందో చెప్పడానికి ఎక్కణ్నుంచో ఎవరూ రానక్కర్లేదు. పైగా వేలెడు గాలం పట్టుకున్న ఊరి పిల్లలంతా ఒకే మాస్టారి ముందు వరసగా కూర్చుంటే, ఆ పని చేసేవాళ్లంటే వాళ్లకి కలిగే గౌరవం ఏ నీతి పాఠంతోనూ రాదు.

ఆకలిగొన్నవాడికి చేపనిస్తే ఒకపూట, పట్టడం నేర్పితే జీవితాంతం అన్న మాట మీరు వందసార్లు వినుంటారు. చైనా సామెత అని చెబుతుంటారు గానీ, ఆ భావం ఇంగ్లీషులో 1885 నాటి ఆన్ థాకరే రిచీ నవల ‘మిసెస్ డైమండ్’లోనే కనిపిస్తుంది. మాట ఎవరిదైనా అందులో ఒక చిక్కుంది. పట్టడం నేర్పితే చాలదు. ఎప్పుడు పట్టకూడదో, ఎంతకి ఆపాలో, ఎవరిని అడగాలో కూడా నేర్పాలి. లేకపోతే నేర్చుకున్నవాడు కొన్నాళ్లకి చెరువునే ఖాళీ చేస్తాడు.

మీ ఊళ్లో చెరువు లేదంటారా? అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటున్నామంటారా? ముడికి నీళ్లు అక్కర్లేదు. ఈ ఆదివారం మూరెడు నైలాన్ దారం, ఒక తాళంచెవి రింగు తీసుకోండి. రింగును గాలం కన్నం అనుకోండి. దారం దూర్చడం, ఐదు మెలికలు తిప్పడం, కొసను సందులోంచి తీయడం, తడిపి బిగించడం. ముందు మీరు నేర్చుకుని, తర్వాత మీ అబ్బాయి వేళ్ల మీద వేళ్లు పెట్టి ఒక్కసారి చేయించండి. ఆ తర్వాత వాడికే వదిలేయండి. మొదటి రెండుసార్లూ ఊడిపోతుంది. మూడోసారి కూడా ఊడొచ్చు. మీరు మాత్రం వాడి చేతిలోంచి దారం లాక్కోకండి.